ఊరు కాలిన తరువాత వచ్చే శకటం

వేసవి ముదిరిందంటే దేశంలో ఏదో ఒక మూల పూరిళ్ళు తగులబడిన వార్త పత్రికల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ వార్తలు చాలావరకు ఒకే తీరుగా ముగుస్తాయి. కబురు అందగానే అగ్నిమాపక శకటం పట్టణం నుంచి బయలుదేరింది, అది చేరేసరికి ఇళ్ళన్నీ బూడిదయ్యాయి. ఇందులో సిబ్బంది అలసత్వం ఉన్న సందర్భాలు కొన్ని ఉండవచ్చు. కాని అసలు లోపం దూరంలోనూ, ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా రూపొందించిన వ్యవస్థలోనూ ఉంది.

ఈ లోపానికి రాజ్యాంగంలోనే ఒక ఆనవాలు దొరుకుతుంది. 1992లో ఆమోదం పొంది మరుసటి ఏడాది అమలులోకి వచ్చిన 73వ, 74వ సవరణలు స్థానిక సంస్థలకు కొత్త ఊపిరి పోశాయి. పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొన్న పన్నెండవ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు ఏడవ అంశంగా ఉన్నాయి. పంచాయతీల కోసం 29 అంశాలతో రూపొందిన పదకొండవ షెడ్యూలులో సాగునీటి నుంచి గ్రంథాలయాల వరకు, సంతల నుంచి సామాజిక అడవుల వరకు ఎన్నో ఉన్నాయి. అగ్నిమాపక సేవల ప్రస్తావన మాత్రం లేదు. నిప్పు పట్టణాలలోనే పుడుతుందని షెడ్యూళ్ళు రాసినవారు అనుకున్నారని భావించలేం. అయినా ఫలితం అలాగే పరిణమించింది. ఊరికి వీధిదీపం వేయించవలసిన బాధ్యత ఎవరిదో సర్పంచికి తెలుసు. ఊరు తగులబడితే మొదటి బిందెడు నీళ్ళు చల్లించవలసిన బాధ్యత ఎవరిదో ఏ కాగితంలోనూ స్పష్టంగా లేదు.

కేంద్ర హోంశాఖ 1955లో నెలకొల్పిన అగ్నిమాపక సలహా సంఘం శకటం ఎంతసేపట్లో చేరాలన్న విషయంలో ప్రమాణాలు సూచించింది. పట్టణాలలో 5 నుంచి 7 నిమిషాలు, గ్రామీణ ప్రాంతాలలో 20 నిమిషాలు అన్నది ఆ ప్రమాణం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే శకటం 20 నిమిషాలలో దాటగలిగేది 13 కిలోమీటర్లు. అంతకు మించిన దూరంలో ఉన్న పల్లెలు ఎన్నో ఉన్నాయి. ఒకవేళ ఆ ప్రమాణాన్ని తు.చ. తప్పకుండా పాటించినా ఎండుటాకుల కప్పు అంతసేపు ఆగదు. గాలి తోడైతే నిప్పురవ్వ ఒక కప్పు మీదనుంచి మరో కప్పు మీదికి నిమిషాలలో దూకుతుంది. వచ్చిన శకటంలో ఉండేది సాధారణంగా 4,500 లీటర్ల నీరు. అది అయిపోతే మళ్ళీ నింపుకోవడానికి ఊళ్ళో చెరువు ఎండి ఉంటుంది. బోరు మోటారు తిరగాలంటే త్రీఫేజ్ కరెంటు ఉండే వేళ కావాలి.

ఈ నిస్సహాయత ఎంతవరకు వెళ్ళగలదో 2016 ఏప్రిల్‌లో బీహార్ చూపింది. పడమటి వేడిగాలులకు పల్లెలు వరుసగా తగులబడి పలువురు మరణించడంతో, ఉదయం 9 గంటల నుంచి సాయంత్రం 6 గంటల వరకు గ్రామాలలో పొయ్యి వెలిగించవద్దని, హోమాలు చేయవద్దని ఆ రాష్ట్ర ప్రభుత్వం సూచించింది. పేద ఇంటి పొయ్యిని పగలంతా ఆర్పి ఉంచమనడం తప్ప మరో మార్గం వెంటనే కనిపించలేదంటే అది ఒక్క రాష్ట్రపు లోటుగా తీసిపారేయదగినది కాదు. పల్లెలో నిప్పును ఎదుర్కొనే ఏర్పాటు కొరవడిన ప్రతి రాష్ట్రానికీ అది హెచ్చరిక.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో అగ్నిప్రమాదాలలో 7,435 మంది మరణించారు. వారిలో సగానికి పైగా నివాస గృహాలలోనే ప్రాణాలు కోల్పోయారు. ప్రాణం దక్కినవారి నష్టం ఈ లెక్కలోకి రాదు. కూలి కుటుంబానికి పూరిల్లే ఖజానా. విత్తనాలు, రేషన్ కార్డు, పట్టాదారు పుస్తకం, కూతురి పెళ్ళికి దాచిన నాలుగు రూకలు అన్నీ దాని కింద ఉంటాయి. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా కేంద్రం నిర్ణయించిన సహాయ ప్రమాణాలలో దగ్ధమైన గుడిసెకు ఇవ్వదగిన మొత్తం 8,000 రూపాయలు. ఆ సొమ్ముతో మళ్ళీ లేచేది మరో ఆకుల కప్పే. అంటే తరువాతి వేసవికి కావలసిన ఇంధనాన్ని ప్రభుత్వ సహాయమే సమకూరుస్తున్నదన్న మాట.

డబ్బు అసలే లేదని చెప్పడం మాత్రం సరికాదు. పదిహేనవ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు రాష్ట్రాలలో అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం 2023 జులైలో ప్రకటించింది. 2025-26 వరకు ఉద్దేశించిన ఈ పథకంలో సాధారణ రాష్ట్రాలు 25 శాతం, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలు 10 శాతం తమ వాటాగా భరించాలి. 2019లో కేంద్రం నమూనా అగ్నిమాపక బిల్లును కూడా రాష్ట్రాలకు పంపింది. ఆంధ్రప్రదేశ్‌కు 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఉంది. అయితే ఇలాంటి పథకాలలో ఎత్తయిన భవనాలకు చేరే నిచ్చెనలకూ, పెద్ద శకటాలకూ ఉన్న ఆకర్షణ పల్లెకు కావలసిన చిన్న పంపుకు ఉండదు. నగరంలో నిచ్చెన అవసరమే. కాని నిచ్చెన కొన్నంత మాత్రాన పల్లెకు రక్షణ కల్పించినట్లు కాదు.

పల్లెలో మొదటి పది నిమిషాలు పల్లెవే. ఈ సత్యాన్ని అంగీకరిస్తే చేయవలసింది కష్టమేమీ కాదు. రక్షిత మంచినీటి ట్యాంకుకు శకటం గొట్టం తగిలించుకునే వీలున్న ఒక కుళాయి పెట్టించవచ్చు. కరెంటుతో నిమిత్తం లేని డీజిల్ పంపు ఒకటి, తగినంత గొట్టం పంచాయతీ కార్యాలయంలో ఉంచవచ్చు. ఊళ్ళో ఎవరిదో ఒకరి ట్రాక్టరు నీటి ట్యాంకరును ఆపద వేళ వాడుకునేందుకు ముందే ఒప్పందం చేసుకోవచ్చు. పైరు కోతకు వచ్చేలోగా పొలాల మీద వేలాడే తీగలను విద్యుత్ సిబ్బంది సరిచేయాలి. గడ్డివాములు ఇళ్ళకు ఎడంగా వేయించాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా రెగ్యులేటరు ఆపడం ప్రతి ఇల్లాలికీ చేసి చూపాలి. 2016లో మొదలైన ఉజ్జ్వల పథకం సిలిండరును పేదల వంటింటికి చేర్చినందున ఈ శిక్షణకు స్వయం సహాయక సంఘాలకు మించిన వేదిక లేదు.

ఇవి ఊహాగానాలు కావు. కేరళ ఒక్కొక్క అగ్నిమాపక కేంద్రానికి 50 మంది చొప్పున పౌరరక్షణ వాలంటీర్లను సమీకరించి శిక్షణ ఇచ్చింది. బీహార్ సయితం చిన్న అగ్నిమాపక వాహనాలను పోలీసు ఠాణాలకు చేర్చి దూరాన్ని తగ్గించే ప్రయత్నం చేసింది.

వాలంటీర్ల పేరిట ప్రభుత్వాలు తమ బాధ్యతను ఊరి మీదికి నెట్టివేస్తాయన్న అనుమానం నిరాధారమైనది కాదు. జీతం, యూనిఫాం, గాయపడితే వైద్యం, మరణిస్తే పరిహారం లేకుండా గ్రామ యువకులను మంటలోకి పంపడం అన్యాయం. అందువల్లనే ఈ ఏర్పాటు ఎవరి దయాదాక్షిణ్యాల మీదో కాక చట్టం మీద ఆధారపడాలి. వాలంటీరుకు బీమా ప్రభుత్వమే చెల్లించాలి. ఏటా శిక్షణ ఇవ్వవలసిన బాధ్యత సమీప కేంద్రానిదని నిర్దేశించాలి. ఊరి పంపు శకటానికి తోడే కాని ప్రత్యామ్నాయం కాదని స్పష్టం చేయాలి.

ఇందుకు రాజ్యాంగాన్ని మళ్ళీ సవరించవలసిన అగత్యమూ లేదు. పదకొండవ షెడ్యూలులోని అంశాలకే పంచాయతీల అధికారాలు పరిమితం కావాలని 243-జి అధికరణం నిర్దేశించలేదు. రాష్ట్ర శాసనసభలు తలచుకుంటే పంచాయతీరాజ్ చట్టాలలో ఒక నిబంధన చేర్చి, దానికి తగిన నిధి కేటాయించగలవు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో నౌక పేలిన దుర్ఘటనలో ప్రాణాలర్పించిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృతికి ఏటా అదే రోజున వారోత్సవాలు మొదలవుతాయి. పల్లెల్లో పూరిళ్ళు కాలే రోజులు కూడా అవే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మానుకోదలచిన రాష్ట్ర ప్రభుత్వాలు వచ్చే వారోత్సవాల నాటికైనా, శకటం 20 నిమిషాలలో చేరలేని గ్రామాల జాబితాను మండలాల వారీగా ప్రకటించాలి. పంపు, నీటి కుళాయి, శిక్షణ మొదట ఆ జాబితాలోని ఊళ్ళకే అందాలి.