గడప దాటని సంతకం

అమెరికాలో పోటీ చేయాలంటే చాలా రాష్ట్రాల్లో ముందుగా వందల, వేల ఓటర్ల సంతకాలు సేకరించాలి. డబ్బున్నవాళ్లు కూలికి మనుషుల్ని పెట్టుకుంటారు. చంటిబిడ్డను ఎవరికి అప్పగించాలో తెలియని స్త్రీ మాటేమిటి? ఈ భారం మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానానికి 2020లో, కరోనా వచ్చాకగాని కనిపించలేదు. సెనేట్ అభ్యర్థికి 10,000 సంతకాలను 5,000 చేసి, ఎలక్ట్రానిక్ సంతకాలనూ ఒప్పుకుంది, ఆ ఎన్నికలకు మాత్రమే!

అరిజోనాలో అభ్యర్థులు ఇంటర్నెట్‌లో సంతకాలు తీసుకోవచ్చు. ప్రజలే ఒక చట్టాన్ని ప్రతిపాదిస్తే మాత్రం కుదరదు. 2020లో అక్కడి సుప్రీంకోర్టూ కాదంది. అభ్యర్థికి చెల్లిన సంతకం ప్రజల అర్జీకి ఎందుకు చెల్లదు? దొంగ సంతకాల భయమంటారు. 2022లో మిషిగన్‌లో ఐదుగురు గవర్నర్ అభ్యర్థులను ముంచింది కూలికి సేకరించినవాళ్లు కాగితాల మీద గీకిన దొంగ సంతకాలే. అలాగని కాగితాన్ని తీసేయమనడం లేదు, కంప్యూటర్ లేని పేదరాలికి అదే దిక్కు.