రాక్ బ్యాండూ, పల్లె పాటా, మధ్యలో పేరు లేని మనిషీ

అమెరికా వాళ్ల 'కంట్రీ' పాటని మనవాళ్లు 'పల్లె పాట' అని అనువాదం చేసేస్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ నాకు మాత్రం అక్కడే పేచీ. కంట్రీ పాటకి రాసినవాడి పేరుంటుంది, బాణీ కట్టినవాడి పేరుంటుంది, వాళ్లకి నెలనెలా కాకపోయినా అప్పుడప్పుడూ చెక్కు వస్తుంది. మన పల్లె పాటకి ఇవేవీ ఉండవు. ఈ ఒక్క తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పాలనే ఇదంతా.

'మీ ఫస్ట్ అండ్ ద గిమ్మీ గిమ్మీస్' అని ఓ పంక్ రాక్ బ్యాండుంది. వాళ్ల పనే ఇంకొకళ్ల పాటలు తమ పద్ధతిలో వాయించడం. 2006లో 'లవ్ దెయిర్ కంట్రీ' అని ఓ ఆల్బం తెచ్చారు. డాలీ పార్టన్ 'జోలీన్', విల్లీ నెల్సన్ 'ఆన్ ద రోడ్ అగైన్', హ్యాంక్ విలియమ్స్ పాట.. మొత్తం పన్నెండు, అన్నీ వంద మైళ్ల స్పీడులో. అరగంటకి కాస్త అటూఇటూ ఉంటుంది. దమ్మాయిగూడలో బయల్దేరి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం దాటి ఉప్పల్లో ఆఫీసు చేరేలోపు రెండుసార్లు వినొచ్చు, ట్రాఫిక్ దయ ఉంటే మూడుసార్లు :)

ఇది వాళ్లు కనిపెట్టిన విద్యేమీ కాదు. 1968లోనే 'ద బర్డ్స్' అనే రాక్ బ్యాండు నాష్‌విల్ వెళ్లి 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో' చేసింది. అటు కంట్రీ జనం ఈ జులపాల వాళ్లెవరని మొహం చిట్లించారు, ఇటు రాక్ జనం ఇదేం ఖర్మ అనుకున్నారు. 1981లో ఎల్విస్ కాస్టెలో తన బ్యాండుతో 'ఆల్మోస్ట్ బ్లూ' చేసినప్పుడైతే, ఇందులో కంట్రీ సంగీతం ఉంది, సంకుచిత మనస్కులకి కోపం రావచ్చు అనే అర్థంలో కవరు మీద హెచ్చరిక స్టిక్కర్ అంటించి మరీ అమ్మారు. నా మటుకు నాకు కాస్టెలో ఆల్బంలో భక్తి ఎక్కువైందనిపిస్తుంది. గిమ్మీ గిమ్మీస్‌లో భక్తి లేదు, ప్రేమ ఉంది. పాటని ప్రేమించేవాడే దాన్ని ఆటపట్టించగలడు.

అసలు విషయానికొస్తా. వీళ్లెంత అల్లరి చేసినా పాట రాసినవాళ్ల పేరు అలాగే ఉంటుంది. జానీ క్యాష్ 'రింగ్ ఆఫ్ ఫైర్'ని ఎంతమంది ఎన్ని రకాలుగా వాయించినా, రాసింది జూన్ కార్టర్, మెర్ల్ కిల్గోర్ అనే ఉంటుంది. రివర్సులో కూడా అంతే. అదే క్యాష్ 2002లో 'హర్ట్' పాడి లోకాన్ని ఏడిపించాడు, రాసిన పేరు మాత్రం ట్రెంట్ రెజ్నర్‌దే.

అలాగని అక్కడంతా ధర్మరాజులేనని కాదు. 1927లో బ్రిస్టల్‌లో రాల్ఫ్ పీర్ చేసిన రికార్డింగులతో కార్టర్ ఫ్యామిలీ వెలుగులోకి వచ్చింది. తర్వాత ఏ.పీ. కార్టర్ కొండలూ లోయలూ తిరిగి పాటలు పోగేశాడు, వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీలు గుర్తుపెట్టుకుని వచ్చి నేర్పేవాడు. పోగేసిన పాటల మీద కాపీరైట్ ఎవరి పేరు మీద? కార్టర్ పేరు మీద. రిడిల్ సంగతి సంగీత ప్రియులకి తెలిసేసరికి దశాబ్దాలు గడిచాయి. అంటే కంట్రీ పాట పుట్టుకలోనే ఈ పేచీ ఉంది. మనం ఇప్పుడు ఆ 1927లో ఉన్నామని నా అనుమానం.

2021లో 'లవ్ స్టోరీ' సినిమా 'సారంగ దరియా' గొడవ గుర్తుందా? పల్లవి జానపదం, చరణాలు సుద్దాల అశోక్ తేజవి, పాడింది మంగ్లీ. అంతకు చాలా ముందే 'రేలా రే రేలా' అనే టీవీ కార్యక్రమంలో ఈ పాట పాడిన కోమలి, నా సంగతేంటని మీడియా ముందుకొచ్చింది. తర్వాత దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకి గుర్తింపు ఇస్తామని ప్రకటించారు. మంచిదే. కానీ గొడవ చేస్తేగానీ పేరు రాదంటే, గొడవ చేయడం రాని వాళ్ల సంగతేంటి?

ఇంకో తమాషా. రాసినవాళ్ల పేరు తెలిసిన పాటల్ని కూడా మనం జానపదంలో కలిపేస్తాం. 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి' బండి యాదగిరిది. అదే సినిమాలోని 'పల్లెటూరి పిల్లగాడ' సుద్దాల హనుమంతుది, అంటే పైన చెప్పిన అశోక్ తేజ గారి నాన్నగారిది. ఏ డీజే రీమిక్స్ కిందైనా ఇవన్నీ 'ఫోక్'. అంతే, ఒక్క ముక్క.

చట్టం చూద్దామా అంటే అది మరీ విచిత్రం. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ వచ్చింది. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు దాటితే, ముందుగా నోటీసిచ్చి రాయల్టీ కట్టి కవర్ చేసుకోవచ్చు. కాకపోతే ఏడాదికి కనీసం 50,000 కాపీలకి కట్టాలి, పైగా సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటని మార్చకూడదు. ఇది చదివిన కుర్ర బ్యాండు గిటార్ కింద పెట్టేసి క్యాంపస్ ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అవుతుంది. అందుకే అందరి చూపూ జానపదం మీద. ఎవడికీ కట్టక్కర్లేదు, ఎంతైనా మార్చుకోవచ్చు.

మన భాషలో చెప్పాలంటే అది లైసెన్స్ ఫైలు లేని కోడు. ఎంఐటీ లైసెన్స్ డబ్బులడగదు, వాడుకో, మార్చుకో, అమ్ముకో, కాపీరైట్ నోటీసు మాత్రం తీసేయకు అంటుంది. ఆఫీసులో ఆ నోటీసు తీసేస్తే లీగల్ వాళ్లు మన ప్రాణం తీస్తారు. ఆ మాత్రం మర్యాద ఒక నాట్ల పాటకి ఎందుకుండదు?

ఇది నా నెత్తి మీదకీ వచ్చింది. మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లు డీజే లేకుండా చప్పట్లతో బతుకమ్మ ఆడితే వీడియో తీసి పెట్టాను. రెండో రోజుకి కాపీరైట్ క్లెయిమ్, ఆ బాణీ ఫలానా లేబుల్ వాళ్లదట! వీడియోలో పాట ఎత్తుకున్నది మా వాచ్‌మన్ భార్య, ఊరు నల్లగొండ వైపు. "ఎవరు నేర్పారక్కా?" అనడిగితే "మా అత్తమ్మ పాడుతుండె సార్, నాట్లేసేటప్పుడు" అంది. అభ్యంతరం పెడితే మూడు వారాలకి క్లెయిమ్ పోయింది. ఫారంలో 'హక్కుదారు ఎవరు' అనే గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను.

ఇంతా చెప్పి రాక్ బ్యాండులు పల్లె పాట ముట్టుకోవద్దంటానని అనుకునేరు. ముట్టుకోవాలి! పన్నెండు పాటలతో తెలుగు 'లవ్ దెయిర్ కంట్రీ' ఒకటి రావాలని నా కోరిక. వింజమూరి సీత, అనసూయలు ఆ కాలంలోనే జానపదాన్ని కచేరీ వేదిక మీదకీ, రేడియోలోకీ తీసుకెళ్లారు. పక్కన కన్నడంలో రఘు దీక్షిత్ 2008 ఆల్బంలో శిశునాళ షరీఫ్ తత్వాన్ని గిటార్ల మధ్య కూర్చోబెట్టాడు, షరీఫ్ పేరు చెప్పి మరీ. మన చౌరస్తా బ్యాండు సొంత పాటల్లో పల్లె యాసా రెగే లయా ఎంత బాగా అతుకుతాయో చూపించింది. తీన్మార్ దెబ్బ డ్రమ్స్ మీద పడితే ఎలా ఉంటుందో బోనాలప్పుడు దమ్మాయిగూడ రోడ్డు మీద నిలబడిన ఎవరినైనా అడగండి. నాకు నచ్చనిదల్లా పల్లె గొంతుని మొదటి ఇరవై సెకన్లు అలంకారానికి వాడుకుని, తర్వాత నాలుగు నిమిషాలు గిటార్ సోలో వాయించుకోవడం.

"ఒకే పాట పది ఊళ్లలో పది మంది పాడతారు, ఎవరి పేరు వేస్తాం?" అని మా టీంలో బాస్ గిటార్ వాయించే కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. రచయిత ఎవరో తేల్చమని నేననడం లేదు. మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల పేరు, ఊరు, నేర్చుకున్న సంవత్సరం పాట కింద వేయండి, వచ్చిన దాంట్లో వాళ్లకో వాటా రాయండి. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసిన రోజుల్లో చేతిలో ఫోను లేదు. ఇప్పుడు రికార్డు బటన్ నొక్కేముందు "అమ్మా, మీ పేరేంటి?" అని అడగడానికి పది సెకన్లు చాలు.