మంచులో మకాం

చలి అంటే మా నర్సీపట్నం వాళ్ళకు చాలా వరకు పుస్తకజ్ఞానమే. ధనుర్మాసంలో పెట్టె అడుగునుంచి దుప్పటి తీస్తాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్న సామెతను నమ్ముకుని మళ్ళీ మడిచి పెట్టేస్తాం. కాని ఘాట్ రోడ్డెక్కి చింతపల్లి వైపు ఒక గంట ప్రయాణం చేస్తే చాలు, ఆ దుప్పటి ఏ మూలకూ చాలని లోకం ఒకటి వున్నది. అదే లంబసింగి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మేము అనకాపల్లి జిల్లాలోనూ, వాళ్ళు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ పడ్డాం. ఆ వూరికి కొర్రబయలు అని మరో పేరున్నది. రాత్రి బయట వుండిపోయినవాడు కొర్రులా కొయ్యబారిపోతాడట; అందుకని ఆ పేరని చెప్పుకుంటారు. పేరులోనే హెచ్చరిక వున్న వూరికి, డిసెంబరు, జనవరి నెలల్లో బయట పడుకోవడానికే జనం బారులు తీరుతున్నారు!

బయట అంటే గుడారంలో. మన భాషలో ఈ వస్తువుకు మాటల కరువు లేదు. గుడారమన్నాం, డేరా అన్నాం, శిబిరమన్నాం. సేన విడిసిన చోటును స్కంధావారమన్నాం. అయితే ఆ రోజుల్లో డేరా వేసేవాడు వేరు, అందులో పడుకునేవాడు వేరు. రాజుగారో, జమాబందీకి వచ్చిన కలెక్టరుగారో రావడానికి ముందే మేకులు దిగేవి, తాళ్ళు బిగిసేవి. ఇవాళ రెండు వుద్యోగాలూ మనవే అయినాయి. మేకు ఎక్కడ దిగాలో తెలియకపోతే తెల్లవారేసరికి తెలిసిపోతుంది.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు కొందరు దీనికి మరో వుపాయం కనిపెట్టుకున్నారు. కారు వెనక రెండు చక్రాల పెట్టె ఒకటి తగిలించుకు పోతారు. చోటు దొరికాక పైకప్పు ఎత్తుతారు, రెండు పక్కలా సొరుగుల్లా మంచాలు లాగుతారు. చుట్టూ కాన్వాసు గోడలు లేస్తాయి. దాన్ని పాపప్ ట్రెయిలర్ అంటారు. మా ఆవిడకు దీన్ని వర్ణించి చెబితే, "అయితే ఇల్లు వెంట తీసుకుపోయి చలిలో వణకడమన్నమాట" అన్నది. మాట మోటుగా వున్నా శాస్త్రం అదే. నేలమీది గుడారానికి కనీసం అడుగున భూమి వుంటుంది. ఈ మంచాల కింద వుండేది గాలి. పైన ఎన్ని కప్పుకున్నా, కిందినుంచి చలి వీపును పట్టుకుంటుంది. కనుక అనుభవజ్ఞులు పైన కప్పుకునే దానికన్న కింద పరుచుకునే దానిమీద ఎక్కువ శ్రద్ధ పెడతారు. గుడారానికీ ఇదే నీతి. కింద ఎండుగడ్డి, దానిమీద చాప, దానిమీద జంపఖానా. ఆ తరువాతే రగ్గు.

అసలు అక్కడ అంత చలి ఎందుకు? లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. ఎత్తు పెరిగిన కొద్దీ, కిలోమీటరుకు ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. లెక్కప్రకారం మాకన్న ఆరు డిగ్రీలు తక్కువ వుండాలి. కాని జనవరి తెల్లవారుజామున తేడా అంతకు మించి వుంటుంది. కారణం, మబ్బులేని ఆకాశం. పగలు నేల తాగిన వేడి రాత్రి ఆకాశంలోకి పోతుంది. అడ్డుకునే మబ్బు దుప్పటి వుండదు. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కి, నీటిలాగే వాలు వెంట పల్లానికి జారి నిలుస్తుంది. అందుచేత గుడారం గుంటలో వేసినవాడికన్న నాలుగడుగులు మెరకన వేసినవాడు సుఖపడతాడు. వాన వచ్చినా లాభం మెరకవాడిదే.

తడి సంగతి వేరు. కార్తీకంలో తుఫాను పట్టినప్పుడు చలి అంకెల్లో అంత ఎక్కువ కనిపించదు. కాని ఒంటిమీది బట్ట తడిస్తే ఆ కాస్త చలే ఎముకలు కొరుకుతుంది. నూలుబట్ట తడిస్తే వెచ్చదనం పోతుంది. ఉన్ని తడిసినా కొంత నిలుపుకుంటుంది. గొర్రెలకాపరి వానలో గొంగళి ముసుగేసుకుని నిలబడడం బీదరికం వల్ల మాత్రమే కాదు, తెలివి వల్ల కూడా.

వాన లేకపోయినా తెల్లవారేసరికి గుడారం లోపలి గోడలు చెమర్చి వుంటాయి. బట్ట కారిందని అద్దెకిచ్చినవాణ్ణి తిట్టడం మామూలు. పాపం, ఆ నీరు చాలావరకు మన ఊపిరిదే. రాత్రంతా మనం వదిలే ఆవిరి చల్లని గోడకు తగిలి నీరవుతుంది. చలికి భయపడి కిటికీలన్నీ మూసినకొద్దీ తడి పెరుగుతుంది. తడి పెరిగినకొద్దీ చలి పెరుగుతుంది. పైన ఒకటి, కింద ఒకటి, రెండు సందులు తెరిచి పడుకోవడమే మందు.

ఇక నిప్పు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో వానాకాలం చదివినవారికి, ముసురులో నిప్పు రాజేయడం ఎంత అవస్థో రాయలవారు ఎంత దగ్గరగా చూశారో తెలుస్తుంది. అందుకే రాజుకున్న నిప్పును వదలబుద్ధి కాదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మొన్న మా కాలేజీ కుర్రాళ్ళు లంబసింగి ప్రయాణం కట్టారు. అందులో ఒకడు, "మాస్టారూ, మంట ఆరాక ఆ బొగ్గులు కుంపట్లో వేసి గుడారంలో పెట్టుకుంటాం. పొగ కూడా రాదు" అన్నాడు.

పొగ రాదన్నదే ప్రమాదం. పొగ వస్తే దగ్గుతాం, లేచి బయటకు పరుగెత్తుతాం. కణకణలాడే బొగ్గులనుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకునే దానికన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మగత. మెలకువగా వున్నవాడు అనుమానించవచ్చు. నిద్రలో వున్నవాడికి ఆ అవకాశమే లేదు. గుడారమైనా, ట్రెయిలరైనా, తలుపులు బిగించిన లాడ్జి గదైనా, కారైనా ఒకటే.

"మరి కొండవాళ్ళ ఇళ్ళలో పొయ్యి నడిమధ్యనే వుంటుంది గదా మాస్టారూ?" అని మరో కుర్రవాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ ఇల్లు గడ్డి కప్పు కింద, తడికల సందుల్లో ఊపిరి పీలుస్తుంది. కప్పులోంచి పొగ లేవడం బయటనుంచే చూడవచ్చు. అందులోనూ పొగ బాధ లేదనను. కళ్ళూ, ఊపిరితిత్తులూ ఆ ఖరీదు చెల్లిస్తూనే వుంటాయి. కాని గాలి చొరకుండా జిప్పు బిగించే మన నైలాను గుడారానికి ఆ సందులు కూడా లేవు.

చింతపల్లి పోయే ఆ దారికి ఒక చరిత్ర వున్నది. అరకొర కూలి ఇచ్చి కొండవాళ్ళ చేత రోడ్డు పనులు చేయించిన దాష్టీకం 1922 నాటి పితూరీకి ఒక కారణమైంది. ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనుమీద దాడి చేశాడు. అంత ఖరీదైన దారిమీద సరదాకు పోతున్నాం. పోయినచోట సీసాలూ, ప్లాస్టిక్ సంచులూ కాఫీతోటల్లో పారేసి రాకపోవడం కనీస మర్యాద.

తిరిగి వచ్చాక ఇంకో పని. తడి గుడారం మడిచి అటకమీద పెడితే పది రోజుల్లో బూజు పట్టి కుళ్ళు కంపు కొడుతుంది. డాబామీద విప్పి, ఒక పూట మా నర్సీపట్నం ఎండ చూపిస్తే చాలు. ఎండ మా దగ్గర ఎప్పుడూ దండిగానే వుంటుంది.

మీ పిల్లలు ఈ శీతాకాలం కొండకు పోతామంటే వద్దనకండి. మంచులో సూర్యోదయం చూడవలసిందే. రెండు రగ్గులు, ఒక గొంగళి, వేడినీళ్ళకు ఒక రబ్బరు సంచి ఇచ్చి పంపండి. మంట ఎంత పెద్దదైనా వేసుకోమనండి, బయట. పడుకునే ముందు ఆ మంటమీద బిందెడు నీళ్ళు కుమ్మరించి, లోపలికి ఒక్క నిప్పుకణిక కూడా తీసుకుపోవద్దని రెండుసార్లు చెప్పండి. మూడోసారి చెబితే విసుక్కుంటారు, అయినా చెప్పండి.