లోపలిగోడలకు వెల్లవేయుట

సోదరీమణులారా! అరుఁగు లలుకుటయు, గడపలకుఁ బసుపు పూయుటయు, వాకిట ముగ్గు తీర్చుటయు మన పనులే. కుంచె చేతఁబట్టి లోపలిగోడలకు సున్నము వేయుట మాత్రము మనవలనఁ గాదని యేల తలఁపవలయును? సంక్రాంతికి ముందుదినములు దీనికిఁ దగినవి. వానలతడి యాఱియుండును, వేసవియెండకువలెఁ బూత తొందరగా నెండి పొడియై రాలదు.

పాతయిండ్ల మట్టిగోడలకును, గచ్చుగోడలకును సున్నమే మేలైన పూత. అట్టిగోడ నేలనుండి పీల్చిన తేమను మెల్లమెల్లగా వెలికి విడుచుచుండును. ఇప్పటి ప్లాస్టిక్ రంగులు నునుపుగా నుండునుగాని, యా తేమకు దారి మూయును. కొంతకాలమునకుఁ బొక్కులెత్తి పెచ్చులూడును. సిమెంటుగోడల సంగతి వేఱు.

సున్నము నానవేయుటయే యిందుఁ గష్టమైన భాగము. కాల్చిన సున్నము నీరు తగిలినతోడనే కుతకుత నుడికి పైకి చిమ్మును. కావున నినుపతొట్టిలో ముందుగా నీరు పోసి, సున్నమును గొంచెముకొంచెముగా నందులో వేయవలయును; సున్నముపై నీరు గ్రుమ్మరింపరాదు. అల్యూమినియము పాత్రను సున్నము తినివేయును. ఆ సమయమునఁ బిల్లలను దాపునకు రానీయరాదు. తుంపర కంటఁబడినచోఁ జూపే పోవచ్చును. అట్లు జరిగినయెడల, ఆముదమనియుఁ దల్లిపాలనియు వెదకుచుఁ గూర్చుండక, ఱెప్పలు విప్పిపట్టి మంచినీటిధారతోఁ దక్షణమే కడుగవలయును. 20 నిమిషములకుఁ దక్కువగాకుండఁ గడిగి, నేరుగాఁ గంటివైద్యునియొద్దకుఁ గొనిపోవలయును. ఇంటి పెద్దలు కోపించినను సరే, యీమాట నేను మార్చను. పనిచేయువారును గండ్లకు అద్దములు, చేతులకు రబ్బరు తొడుగులు ధరింపవలయును.

ఒకరాత్రి నానిన పిమ్మటఁ, గిలో సున్నమునకు సుమారు 5 లీటర్ల నీటిచొప్పునఁ గలిపి, ముతకగుడ్డతో వడియఁగట్టి, వేడినీటఁ గరఁగించిన తుమ్మబంక కొంచెము చేర్చవలయును. చిటికెఁడు నీలిమందు వేసినఁ దెలుపు మెఱయును. రంగు కావలయునన్న జేగురువంటి మట్టిరంగులే సున్నమున నిలుచును.

గోడ దులిపి, నీటితోఁ దడిపి, పలుచనిపూతలు మూఁడు వేయుఁడు. ఒకటి యాఱినఁగాని రెండవది వేయరాదు. తడిగా నున్నపుడు పూత వేసినట్లే కనఁబడదు. చూచి దిగులుపడి చిక్కఁగాఁ బూసినచోఁ బిమ్మట నది చేతికంటుకొని రాలును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల ఱాయిగా మాఱును. తెలుపు ఆఱినకొలఁది వచ్చును.

గోడలతోపాటు తలుపులనుగూడఁ గ్రొత్తచేయఁబూని, వానిపై నున్న పాత నూనెరంగును గోఁకఁబోకుఁడు. ఇంటిరంగులలో సీసము పదిలక్షలకు 90 పాళ్లు మించరాదను నియమము మనదేశమున 2017 నవంబరు నుండియే అమలునకు వచ్చినది. అంతకుముందటి రంగులలో సీసము హెచ్చుగా నుండవచ్చును. గోఁకినపుడు లేచు ధూళి పసివారి బుద్ధివికాసమునకుఁ జేటు. పాతరంగు గట్టిగా నున్నచోఁ దడిగుడ్డతోఁ దుడిచి, దానిమీఁదనే క్రొత్తది పూయుఁడు.