మస్కట్ పురిటిగది కథ

పాల్ హారిసన్ గ్రంథం ‘డాక్టర్ ఇన్ అరేబియా’ (1940) వలన, మస్కట్ పక్కనున్న మత్రాలో ఆయన చేసిన శస్త్రచికిత్సల ఖ్యాతి నిలిచింది. అదే అమెరికన్ మిషన్ తరఫున 1913లో మస్కట్‌లో స్త్రీల వైద్యశాల తెరిచిన సారా హాస్మన్ మాత్రం పాఠకులకు దాదాపు అపరిచితురాలు. పరపురుషుడైన వైద్యునికి తెరుచుకోని పురిటిగది వాకిలి, కృత్రిమ కాలితో నడిచిన ఆమెకు తెరుచుకుంది. రెండు ప్రపంచయుద్ధాల నడుమ తల్లులకూ పసికందులకూ ఆమె అండ.

అయితే ఒకరి దీక్ష వ్యవస్థ కాజాలదు. 1970 నాటికీ ఒమన్‌లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో సుమారు 200 మంది అయిదేళ్లు నిండకుండానే కన్నుమూసేవారు. ఆరోగ్యకేంద్రాలూ టీకాలూ ఊరూరికీ చేరాక ఆ సంఖ్య పది, పన్నెండుకు దిగింది. వ్యవస్థ విలువ తెలియాలంటే అది లేని రోజుల్లో శ్రమించిన హాస్మన్ కథ తెలియాలి. శస్త్రచికిత్సకు దక్కిన పుటల్లో కొన్నయినా కాన్పులకు దక్కాలి.