కుట్టు వేసిన మోకాలు



మోకాటి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినవారిని పరామర్శించడానికి వెళ్లినప్పుడు మేము ఒక మాట తరచుగా వింటుంటాము: "మా బావకూ ఇదే ఆపరేషన్. వారానికే నడిచాడు. నువ్వేమిటి ఇంకా కర్రలతో?" ప్రేమతో అన్న మాటే గాని, దీనివల్ల కీడు జరగవచ్చు.

తొడ ఎముకకు, కాలి ఎముకకు మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తని దిండ్లు ఉంటాయి. వీటినే మెనిస్కస్ అంటారు. అవి చిరిగితే డాక్టర్లు చిరిగిన ముక్కను కత్తిరించి తీసివేస్తారు, లేదా కుడతారు. 1883లో ఎడింబరోలో థామస్ అనండేల్ అనే సర్జను మొదటిసారిగా ఇలా కుట్టాడు. కత్తిరించినవారు త్వరగానే నడుస్తారు. కుట్టినవారు చాలా వారాలు కర్రలతో నడవవలసి రావచ్చు. ఈ దిండుకు వెలుపలి అంచున మాత్రమే రక్తం బాగా అందుతుంది గనుక అతుకు నెమ్మదిగా పడుతుంది. జాగ్రత్తగా ఉన్నా, కొన్నేళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి అతుకు నిలవదు. తొందరపడితే ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఇక గమనించవలసిన గుర్తులు. జ్వరం వచ్చి, మోకాలు ఎర్రబడి, గాయం నుండి చీము కారితే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరుదే గాని ఆలస్యం తగదు. మోకాటి లోపలి పక్క చర్మం మొద్దుబారితే నరం ఒత్తిడికి గురై ఉండవచ్చు. డాక్టరు చెప్పిన వ్యాయామం మానితే కీలు బిగుసుకుపోతుంది.

అన్నిటికంటె భయపడవలసినది పిక్కలో రక్తం గడ్డకట్టడం. పిక్క వాచి నొప్పిగా ఉంటే మన ఇళ్లలో వెంటనే నూనె రాసి మర్దన చేస్తారు. దయచేసి అలా చేయకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆయాసం గాని, ఛాతీ నొప్పి గాని వస్తే తెల్లవారే వరకు ఆగక 108కి ఫోన్ చేయండి.

గొంతుక్కూర్చోవడం, బాసిపట్లు వేసుకోవడం, మోకాళ్లూనడం డాక్టరు అనుమతించే వరకు వద్దు. దీనికి నెలలు పట్టవచ్చు. మోకరించలేకపోతున్నామని దిగులుపడే పెద్దలకు మేము చెప్పేది ఒకటే: కుర్చీలో కూర్చుని చేసిన ప్రార్థనను కూడా దేవుడు ఆలకిస్తాడు.

పరామర్శకు వెళ్లేవారు మాత్రం, "ఇంకా ఎప్పుడు నడుస్తావు?" అని అడగకండి. "పిక్క నొప్పిగా ఉందా? జ్వరం ఉందా?" అని అడగండి. ఆ ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.