చెవి ఒగ్గిన వేళ

ఉద్యోగరీత్యా మా అమ్మాయి, అల్లుడు పుదుచ్చేరిలోని ఉప్పళం ప్రాంతంలో కాపురం ఉంటున్నారు. ఇటీవల ఒక వారం సెలవు పెట్టి వారింటికి వెళ్లాము. తమిళంలో ఉప్పళం అంటే ఉప్పు పండించే చోటు. మన నిఘంటువులలో ‘అళము’ అనే మాటకూ ఇదే అర్థం. ఇప్పుడా పేటలో వీధులు, ఇళ్లు, క్రీడాప్రాంగణం కనిపిస్తాయే గాని ఉప్పుమడులు కనిపించవు. 1818 నాటి ఒడంబడికతో ఫ్రెంచివారు ఏటా 4,000 వరహాల పరిహారం పుచ్చుకుని ఉప్పు తయారీ హక్కును ఆంగ్లేయులకు వదులుకున్నారు. ఉప్పు పోయినా పేరు మిగిలింది.

మా సెలవుకు కారణం విహారం కాదు. వార్షిక వైద్య పరీక్షలో మా ఆడియోగ్రామ్ చూసిన వైద్యుడు, 4,000 హెర్ట్జ్ దగ్గర గీత లోయలోకి దిగిపోవడం చూపించారు. ఏళ్ల తరబడి కంప్రెసర్ల హోరులో తిరిగిన చెవులకు వచ్చే లక్షణమే అది. పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నదానిని కాపాడుకోవడమే మార్గం. ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెళ్లే పరిమితి అని కొత్తగా చేరినవారికి పాఠం చెప్పిందీ మేమే. ఇయర్ ప్లగ్గులను జేబులో వేసుకుని తిరిగిందీ మేమే.

మొదటి రోజు తెల్లవారుజామున వీధి అరుగు మీద కూర్చున్నాము. ఏదో పిట్ట కూస్తోందని అమ్మాయి అన్నది. మాకు వినిపించలేదు. కొంతసేపు దిగులు పడ్డాము. తరువాత ఎదురింటి ఇల్లాలు కళ్లాపి చల్లిన చప్పుడు, చీపురు నేలను రాచిన సవ్వడి చెవిన పడ్డాయి. వినిపించని దానికై వగస్తూ, వినిపించే దానిని ఇన్నాళ్లూ వినలేదని తోచింది.

ఆనాటి ఫలహారం చద్దన్నం, ఉల్లిపాయ, నాలుగు ఉప్పురాళ్లు. లీటరు సముద్రపు నీటిలో ఉండేవి సుమారు 35 గ్రాముల లవణాలు. ఆ నీరు ఎండకు ఆవిరై 25 డిగ్రీల బామే దాకా చిక్కబడితే గాని ఉప్పు గడ్డకట్టదు. 29 దాటితే చేదు లవణాలు కలుస్తాయి. ఈ రెండింటి నడుమ హద్దును కనిపెట్టుకుని నౌపడాలోనూ చినగంజాంలోనూ మడి గట్టున నిలబడే మనిషి శ్రద్ధే మన కంచంలోకి వస్తున్నది. ఇంతకాలం మేము ఉప్పు ఎక్కువైతేనో తక్కువైతేనో తప్ప దాని ఊసెత్తలేదు.

సాయంత్రం అల్లుడు ‘గోల్కొండ్’ అనే వసతిగృహాన్ని వీధిలో నుంచి చూపించాడు. శ్రీ అరవిందాశ్రమానికి చెందిన ఈ భవనానికి ఆ పేరు రావడానికి కారణం మన హైదరాబాదే. నిజాం ప్రభుత్వంలో ప్రముఖుడైన సర్ అక్బర్ హైదరీ చొరవతో అందిన లక్ష రూపాయల విరాళం దీనికి పునాది. 1919లో జపాను చేరి అక్కడి పల్లె ఇళ్ల నిరాడంబరతను గ్రహించిన ఆంటోనిన్ రేమండ్ దీని రూపశిల్పి. కిటికీలకు బదులుగా గోడ పొడవునా తిప్పుకునే పలకలు. ఎండను ఆపి గాలిని రానిస్తాయి. ఆశ్రమవాసులిచ్చిన పాత ఇత్తడి పాత్రలను కరిగించి బిగింపులు పోతపోశారు. అలంకారం ఒక్కటీ లేదు. అశ్రద్ధ కూడా ఎక్కడా లేదు.

‘జెన్’ అనే మాట మన ‘ధ్యానం’ నుంచి పుట్టినదే. ఆ గురుపరంపరలో ఆచార్య నాగార్జునునికి 14వ స్థానం. అక్కడ వంట చేయడం, వాకిలి ఊడవడం కూడా సాధనే. అది తలచుకోగానే మాకు ఒక వృద్ధ ఫిట్టరు గుర్తుకు వచ్చాడు. మేము చిన్న ఇంజనీరుగా ఉన్న రోజులలో ఆయన స్క్రూడ్రైవర్ మొనను బేరింగు తొడుగుపై ఉంచి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించి, “సార్, ఇది ఏడుస్తోంది” అన్నాడు. మీటరులో అంకె హద్దులోనే ఉంది. మేము అంకెనే నమ్మాము. మూడవనాడు రాత్రి షిఫ్టులో బేరింగు పట్టేసింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

తిరిగి వచ్చాక ఇయర్ ప్లగ్గులు జేబులో నుంచి చెవులలోకి చేరాయి. ఎముక ద్వారా ధ్వని అందుతుంది గనుక స్క్రూడ్రైవర్‌కు అవి అడ్డు రావు. ఒకనాడు ఒక పంపు దగ్గర మేము ఆనించి చూస్తే మెత్తని ఝుంకారమే తోచింది. పక్కనున్న శిక్షణార్థికి ఇచ్చాము. ఆ అబ్బాయి కళ్లు మూసుకుని చాలాసేపు విని, “లోపల ఎవరో ఇసుక నలుపుతున్నట్టుంది సార్” అన్నాడు. మీటరు అంకె ఈసారీ హద్దులోనే ఉంది. లాగ్ బుక్కులో ఆ అబ్బాయి మాటనే రాసి, బేరింగు విప్పించాము. లోపలి వలయం మీద గోటికి తగిలేటంత చిన్న గుంట.

మిత్రులారా, రేపు షిఫ్టులో ముందు ప్లగ్గులు పెట్టుకోండి. తరువాత ఒక్క నిమిషం మీ యంత్రం పక్కన ఊరకే నిలబడండి.